పిల్లల చదువుల కోసం దీవికి వచ్చినవాళ్ళు

మేం ఒసాకాలో ఉంటాం. పాప ఇక్కడి ప్రభుత్వ బడిలోనే చదువుతోంది. మార్చి చివర్లో బడి ఏడాది ముగిసి, ఏప్రిల్ మొదట్లో కొత్త తరగతి మొదలయ్యేలోపు కొన్ని రోజులు సెలవులు వస్తాయి. ఆ రోజుల్లో అందరూ చెర్రీ పూలు చూడ్డానికి బయల్దేరతారు. ఈసారి మేం మాత్రం రెండు దీవులకు వెళ్ళొచ్చాం. ఒకటి తకమాత్సుకు ఎదురుగా సెతో సముద్రంలో ఉన్న ఒగిజిమా. రెండోది ఉత్తరాన, షిమానె అనే జిల్లా తీరానికి చాలా దూరంగా ఉండే ఒకి దీవుల్లోని అమా. మొదటిచోట మూతపడిన బడి మళ్ళీ తెరుచుకుంది. రెండోచోట మూతపడబోయిన హైస్కూలు నిలబడింది. ఆ రెండు ఊళ్ళనూ నా కళ్ళతో చూడాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను.

కారణం ఉంది. మా నాన్న దివిసీమలో పొలం కౌలుకిచ్చేసి విజయవాడకు మారింది పిల్లల చదువుల కోసం. మా అత్తగారి వాళ్ళు భువనగిరి దగ్గరి పల్లె వదిలి హైదరాబాద్ చేరిందీ అందుకే. మా చుట్టాల్లో ఎవరిని కదిపినా ఇదే మాట. మేం వచ్చేశాక ఊరి బడిలో పిల్లలు తగ్గారు. పిల్లలు తగ్గారని టీచర్లను తగ్గించారు. టీచర్లు లేరని మిగిలినవాళ్ళు పిల్లల్ని టౌన్ స్కూలు బస్సు ఎక్కించారు. ఎవరి తప్పూ లేకుండానే బడి ఖాళీ అయింది. జపాన్‌లో ఇదే కథ ఇంకా పెద్ద ఎత్తున నడుస్తోంది. 2008లో 12 కోట్ల 80 లక్షలు దాటిన జనాభా అప్పట్నించీ తగ్గుతూనే ఉంది. 2024లో ఇక్కడ పుట్టిన జపనీయ పిల్లలు 6 లక్షల 86 వేల మందే. 2002 నుంచి 2020 లోపు మూతపడిన ప్రభుత్వ బడులు 8 వేలకు పైనే. అలాంటి దేశంలో ఈ రెండు దీవులు ఎదురు ఎలా ఈదాయో తెలుసుకోవాలనిపించింది.

మార్చి 26, తకమాత్సు

ఈ ఊరు ఉదోన్‌కి, అంటే లావుపాటి గోధుమ నూడుల్స్‌కి పేరు. రేవుకు దగ్గర్లో పళ్ళెం మనమే పట్టుకుని వరుసలో నిలబడే చిన్న దుకాణంలోకి వెళ్ళాం. గిన్నె 350 యెన్‌లు, అంటే రెండొందల రూపాయలు. తీరా చూస్తే ఇక్కడి చారు ఎండు చేపలతో కాస్తారు. మావారు చేపలు ముట్టరు. ఆ మాట చెప్పగానే వడ్డించే ఆవిడ వరుసను ఆపి మరీ ఆలోచించింది. ఉడికించిన ఉదోన్‌ని వార్చి, మీద సోయా సాస్, తురిమిన ముల్లంగి, అల్లం, ఉల్లికాడలు వేసి ఇచ్చింది. వెనక నిలబడ్డ ఆఫీసు జనం ఒక్కరు కూడా విసుక్కోలేదు. మావారు రెండో గిన్నె కూడా తిన్నారు.

మార్చి 27, ఒగిజిమా

తకమాత్సు నుంచి ఫెర్రీలో 40 నిమిషాలు. మధ్యలో మెగిజిమా అనే ఇంకో దీవిలో ఆగుతుంది. పెద్దవాళ్ళకు రానూ పోనూ వెయ్యి యెన్‌ల పైచిలుకు. దూరం నుంచి చూస్తే ఊరంతా ఒకే కొండవాలు మీద, ఒక ఇంటి చూరు మీద ఇంకో ఇంటి అరుగు ఉన్నట్టు కనిపిస్తుంది. రేవులో దిగగానే తెల్లటి పైకప్పున్న ఒక మంటపం. కప్పు నిండా రకరకాల భాషల అక్షరాలు. వాటి నీడలు నేలమీద, నీళ్ళమీద పడుతున్నాయి. స్పెయిన్ శిల్పి జౌమే ప్లెన్సా కట్టింది. 2010 నుంచి మూడేళ్ళకోసారి ఈ సముద్రంలోని దీవుల మీద కళా ఉత్సవం జరుగుతుంది. ఇది అప్పటిదే.

ఊళ్ళో దారులన్నీ మెట్లు, సందులు. కారు పట్టదు, ఆటో ఊసే లేదు. అందుకే ఇక్కడి ముసలమ్మలు నాలుగు చక్రాల తోపుడు బళ్ళు వాడతారు. కూరగాయలూ గ్యాసు సిలిండరూ వాటి మీదే పోతాయి, అలసిపోతే దాని మీదే కూర్చుంటారు. ఒన్‌బా అంటారు వాటిని. కొన్నిటికి కళాకారులు రంగులు వేసి ముస్తాబు చేశారు. లైట్‌హౌస్ దారి అనుకుని పట్టుకున్న సందు తిరిగి తిరిగి ఒక ఇంటి పెరట్లో తేలింది. అక్కడ ఒక పెద్దావిడ తీగ మీద సముద్రపు నాచు ఆరబెడుతోంది. కంగారుపడి వెనక్కి తిరగబోతే ఆవిడే పిలిచి, పాప చేతిలో రెండు మికాన్‌లు, అంటే చిన్న కమలాలు పెట్టి, అడిగిన మొదటి ప్రశ్న: "ఏ తరగతి?"

ఈ దీవి మీద మాకు ఎదురైన ప్రతి ఒక్కరూ అదే అడిగారు. ఎక్కడివాళ్ళు, ఏం చేస్తారు అన్నవి తర్వాతే.

బడి ఎటు అని అడిగితే పెద్దావిడ నాచు వదిలేసి మాతో పాటు మూల మలుపు దాకా వచ్చింది. ఇక్కడ ప్రాథమిక బడి, మిడిల్ స్కూలు ఒకేచోట ఉంటాయి. పిల్లలు లేక 2011 మార్చి తర్వాత బడి నడవలేదు. ఆ ఖాళీలో, 2013 ఉత్సవానికి, కళాకారులు వచ్చి తరగతి గదుల్లో ప్రదర్శనలు పెట్టారు. "మనుషులు బోలెడుమంది వచ్చారు, కానీ గంట మోగలేదు" అంది ఆవిడ. అప్పుడే ఒసాకాలో ఉంటున్న ఒక కుటుంబం, ఈ దీవితో చుట్టరికం ఉన్నవాళ్ళు, పిల్లలతో సహా వచ్చేస్తాం, బడి తెరవండి అని అడిగారు. వాళ్ళతో పాటు ఇంకో ఒకటి రెండు కుటుంబాలు. ఊరివాళ్ళు సంతకాలు సేకరించి తకమాత్సు నగరపాలక సంస్థకు ఇచ్చారు. 2014 ఏప్రిల్‌లో బడి మళ్ళీ మొదలైంది.

ఇది సాధ్యపడటానికి కాగితాల మీది ఒక చిన్న తేడా కారణం. ఈ బడిని రద్దు చేయలేదు, తాత్కాలికంగా నిలిపారు అంతే. రద్దు చేసి ఉంటే కొత్త బడి మంజూరు చేయించుకోవాల్సి వచ్చేది. రెండు కుటుంబాల కోసం ఏ ప్రభుత్వం ఆ పని చేస్తుంది? మన దగ్గర పిల్లలు లేని బడిని పక్క ఊరి బడిలో కలిపేసే ఫైలు మీద సంతకం పెట్టేవాళ్ళు ఒక్కసారి ఈ తేడా గురించి ఆలోచిస్తే బాగుండు.

గేటు బయటి నుంచే చూశాం. శుభ్రంగా ఊడ్చిన ఆట స్థలం, దాని వెనక సముద్రం. పిల్లలు కొద్దిమందే కాబట్టి రెండు తరగతులు కలిపి ఒకే గదిలో చెబుతారు. జపాన్‌లో దీనికి లెక్క ఉంది. ప్రాథమిక బడిలో పక్కపక్క తరగతులు రెండూ కలిపి 16 మందికి మించకపోతే ఒకే టీచర్. ఒకటో తరగతి ఉంటే 8 మంది దాకానే. ఇక్కడ క్రీడా దినోత్సవానికి పిల్లలు సరిపోరు కాబట్టి ఊరంతా పరుగు పందేల్లో దిగుతారట. తానూ బంతులు వేసే ఆటలో పాల్గొంటానని పెద్దావిడ చేతులెత్తి చూపించింది.

ఇప్పుడు దీవి మీద ఉండేది దాదాపు 150 మంది. బడి తెరిచాక కొత్త కుటుంబాలు వచ్చాయి. 2016లో పాత ఇల్లు బాగుచేసి ఒక గ్రంథాలయం పెట్టారు, అదీ పైనుంచి వచ్చిన పథకం కాదు. మధ్యాహ్నం రేవు దగ్గర చిన్న హోటల్లో నేనూ పాపా ఆక్టోపస్ ముక్కలు వేసి వండిన అన్నం తిన్నాం, ఒక్కోటి 1,200 యెన్‌లు. మావారికి ఉప్పులో ఊరిన ఉమె పండు పెట్టిన ఒనిగిరి, అంటే అన్నం ముద్ద దొరికింది. తింటుండగా ఇద్దరు పిల్లలు కిటికీలోంచి తొంగి చూసి పాపను ఆటకు పిలుచుకుపోయారు. గంటసేపు పిల్లుల వెనక పరుగులు. ఫెర్రీ ఎక్కేముందు వాళ్ళలో చిన్నవాడు పాపను చాలా మామూలుగా అడిగాడు: "మా బడికి ఏప్రిల్ నుంచి వస్తున్నావా?" కాదని తెలిశాక వాడి మొహం చూడలేకపోయాను. మాకు అది ఒక సరదా రోజు. వాడికి మా పాప క్లాసులో ఇంకో మనిషి.

లైట్‌హౌస్‌కి కూడా వెళ్ళాం. 1895లో రంగు వేయని గ్రానైటు రాయితో కట్టింది, చూడాల్సిందే. కానీ దాని గురించి రాయడానికి మనసు నిలవడం లేదు.

మార్చి 29, అమా

షిమానె తీరంలోని షిచిరుయి రేవు నుంచి ఫెర్రీలో మూడు గంటలు. రెండో తరగతి టికెట్ మూడున్నర వేల యెన్‌ల చిలుకు. సీట్లుండవు, తివాచీ పరిచిన పెద్ద హాలు. చెప్పులు బయట విప్పి, లోపల ఎవరి చోటు వాళ్ళు చూసుకుని పడుకుంటారు. సముద్రం బాగా ఊపింది. పాప వాంతి చేసుకుంటే పక్కనున్న ఒక పెద్దాయన సంచిలోంచి ప్లాస్టిక్ కవరు, తడి తువ్వాలు తీసి ఇచ్చి, తన దుప్పటి కూడా కప్పి, మళ్ళీ అటు తిరిగి పడుకున్నాడు. ధన్యవాదాలు చెప్పే సందు కూడా ఇవ్వలేదు.

హిషిఉరా రేవులో దిగగానే టికెట్ కౌంటర్ పక్కన పుస్తకాల అర కనిపించింది. ఎవరైనా తీసుకోవచ్చు. 2007 నుంచి దీవి మొత్తాన్నీ ఒకే గ్రంథాలయంగా చూడాలని ఇలా అక్కడక్కడా అరలు పెట్టుకుంటూ వచ్చారు. రేవులో, బళ్ళలో, జనం ఆగే చోటల్లా. పెద్ద భవనం కట్టే డబ్బు లేనప్పుడు మొదలుపెట్టిన పని అది.

మేం దిగిన మిన్‌షుకు, అంటే ఇంట్లోనే గదులిచ్చే బస, పెద్దవాళ్ళకు రెండు పూటల భోజనంతో 11 వేల యెన్‌లు. రాత్రి నా ముందు అరచేయంత రాతి ఆయిస్టర్, అంటే ఆల్చిప్ప పెట్టారు. ఇక్కడి సముద్రపు పంట ఇది, వసంతంలోనే దొరుకుతుంది. నిమ్మరసం పిండి ఒక్కసారిగా నోట్లో వేసుకోమంది ఇంటావిడ. ఆ రుచిని చాలాకాలం మర్చిపోను. మావారికి పిండిలో ముంచి వేయించిన నాచు తెంపురా, తోఫు, కొండ ఆకుకూరలు, ఈ దీవి మీదే పండిన అన్నం. చుట్టూ ఉప్పు సముద్రం ఉన్నా అమాలో మంచినీటి ఊటలున్నాయి, అందుకే వరి పండుతుంది. చివర్లో ఫుకుగి అనే చెట్టు కొమ్మలు కాచిన టీ ఇచ్చారు. కాస్త ఘాటుగా, హాయిగా ఉంది.

భోజనం అయ్యాక ఇంటావిడ బల్ల దగ్గర కూర్చుంది. 1950లో ఈ దీవి మీద దాదాపు 7 వేల మంది ఉండేవారు. ఇప్పుడు 2,300. దీవిలోని ఒకి దోజెన్ హైస్కూల్లో 1997లో కొత్తగా చేరినవాళ్ళు 77 మంది, 2008కి 28 మంది. చుట్టుపక్కల మూడు దీవులకూ ఉన్నది ఆ ఒక్క హైస్కూలే. "అది పోతే ఏమవుతుందో మా అందరికీ తెలుసు" అంది. పదిహేనేళ్ళ పిల్ల సముద్రం దాటి అవతలి ఒడ్డుకి పోవాలి. అక్కడ గది అద్దె, తిండి ఖర్చు. రెండో పిల్లకూ అదే. ఇద్దరికీ విడిగా డబ్బు పంపే బదులు మనమే పోదాం అనుకుంటారు తల్లిదండ్రులు. అలా ఇల్లు తాళం పడుతుంది. ఆవిడ చెల్లెలి కుటుంబం అట్లాగే మాత్సుఎకి వెళ్ళిపోయింది.

నేను వింటున్నది జపనీస్‌లోనే అయినా మా పెద్దమ్మ మాట్లాడుతున్నట్టే ఉంది.

అమా కథలో మొదట చెప్పాల్సింది యమౌచి మిచియో గురించి. 2002లో ఆయన మేయర్ అయ్యేనాటికి ఊరు అప్పుల్లో ఉంది. పక్క పట్టణాలతో కలిసిపొమ్మని దేశమంతటా ఒత్తిడి ఉన్న కాలం అది. అమా కలవనంది. మేయర్ తన జీతం సగానికి కోసుకున్నారు, ఉద్యోగులూ తమ జీతాల్లో కోతకు ఒప్పుకున్నారు. అలా మిగిలిన డబ్బులో కొంత పిల్లల పెంపకం సాయానికి పెట్టారు. 2005లో కొత్త రకం ఫ్రీజింగ్ ప్లాంటు పెట్టి, స్క్విడ్‌నూ ఆయిస్టర్‌నూ తాజాదనం పోకుండా టోక్యో దాకా పంపడం మొదలుపెట్టారు. అంటే ముందు పని, తర్వాత బడి. అయితే ఇంటావిడ మాత్రం బడే ముందు అంటుంది. పని దొరికి వచ్చినవాళ్ళు కూడా మొదట అడిగేది హైస్కూలు ఉందా అనే కదా అని ఆవిడ వాదన.

మార్చి 30, అమా

పొద్దున్నే బ్యాటరీ సైకిళ్ళు అద్దెకు తీసుకుని ఒకి జింజాకి వెళ్ళాం. 1221లో యుద్ధంలో ఓడిన గోతొబా చక్రవర్తిని ఈ దీవికి పంపించేశారు. మళ్ళీ క్యోటో చూడకుండానే 1239లో ఇక్కడే పోయారు. ఆయన పేరిట 1939లో కట్టిన గుడి ఇది. చెర్రీ చెట్లు అప్పుడే పూత మొదలుపెట్టాయి, మొగ్గలే ఎక్కువ. దారి పొడుగునా ఎదురైన పిల్లలందరూ ఆగి నమస్కారం చెబుతున్నారు. కారులో పోయేవాళ్ళు కూడా తల వంచి పోతున్నారు. పాప కాసేపటికి తనే ముందుగా పలకరించడం మొదలుపెట్టింది.

హైస్కూలు రేవుకు నడిచిపోయేంత దూరంలో ఉంది. సెలవులైనా మైదానంలో కొందరు సాధన చేస్తున్నారు. ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. ప్రాథమిక, మిడిల్ స్కూళ్ళు ఊరి ప్రభుత్వం చేతిలో ఉంటాయి. హైస్కూలు మాత్రం జిల్లా స్థాయి ప్రభుత్వానిది. మూయాలా ఉంచాలా అన్నది అమా చేతిలో లేదు. అందుకని అమా, నిషినొషిమా, చిబు, ఈ మూడు ఊళ్ళూ కలిసి కూర్చున్నాయి. మూయొద్దని అర్జీలు పెట్టుకోవడంతో ఆగిపోకుండా, పిల్లలు కావాలని వచ్చి చేరే బడిగా మార్చుదాం అనుకున్నారు. బయటి నుంచి యువకులను రప్పించి ఆ పని అప్పగించారు. 2010లో ఊరి ట్యూషన్ సెంటర్ తెరిచారు. ఒడ్డు మీది పిల్లలకు కోచింగులున్నాయి, మన పిల్లలకు లేవు అన్న బెంగ తీర్చడానికి. అక్కడ పరీక్షల చదువుతో పాటు, నువ్వు ఏం కావాలనుకుంటున్నావు, ఈ ఊరికి ఏం అక్కరుంది అన్న చర్చలూ నడుస్తాయి. అదే సమయంలో టోక్యో, ఒసాకా లాంటి చోట్ల నుంచి వచ్చి మూడేళ్ళు ఇక్కడ చదువుకునే ‘దీవి చదువు’ పథకం పెట్టారు. హాస్టల్ ఉంటుంది. దానికి తోడు ప్రతి పిల్లకూ ఊళ్ళో ఒక కుటుంబం అండగా ఉంటుంది. పండగకు పిలుస్తారు, పొలానికి, పడవ మీదికి తీసుకెళ్తారు. 2008లో మొత్తం 89 మంది ఉన్న స్కూలు తర్వాతి పదేళ్ళలోపే 180కి చేరింది. అందులో దాదాపు సగం బయటి పిల్లలు.

రేవు దగ్గరి హోటల్లో శంఖు నత్తల కూర వేసిన అన్నం తిన్నాను, వెయ్యి యెన్‌లు. ఇక్కడ పూర్వం మాంసం దొరక్క కర్రీలో నత్తలు వేసేవారట. వడ్డించిన అబ్బాయి దీవిలోనే పుట్టి పెరిగాడు, అదే స్కూల్లో చదివాడు. ఒకటో తరగతి నుంచీ అవే మొహాలు, ఎవరు ఏం చేస్తారో, ఎవరు ఎన్నో ర్యాంకో అంతా ముందే ఖరారు అయిపోయి ఉంటుంది, హైస్కూల్లో బయటివాళ్ళు వచ్చాకే తనకి టెన్షనూ వచ్చింది, ఉత్సాహమూ వచ్చింది అన్నాడు. చిన్న ఊరి బడిలో చదివినవాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది.

అక్కడే కూర్చున్న ఒక మత్స్యకారుడు మా మాటల్లో కల్పించుకున్నాడు. పత్రికలవాళ్ళు రాసినంత తేలికేం కాదన్నాడు. ఇప్పటికీ పుట్టేవాళ్ళకన్నా పోయేవాళ్ళే ఎక్కువ. వచ్చినవాళ్ళలో కొందరు మూడు నాలుగేళ్ళకు తిరిగి వెళ్ళిపోతారు. ఉండిపోతామన్నవాళ్ళకు ఇళ్ళు దొరకవు. తాళాలేసిన ఇళ్ళు మాత్రం ఎక్కడ చూసినా ఉన్నాయి. ఎందుకివ్వరు అంటే, లోపల తాత ముత్తాతల పూజా మందిరం ఉంటుంది, ఆగస్టులో పెద్దల పండక్కి కొడుకు వస్తాడు, అప్పుడు ఎక్కడ దిగుతాడు? ఆయన తన అన్న ఇంటి గురించే చెబుతున్నాడు. తాళం చెవి ఆయన దగ్గరే ఉంది, వారానికోసారి కిటికీలు తెరిచి మూసి వస్తాడు. బడి నిలబెట్టడం ఒక ఎత్తు, ఇల్లు ఇప్పించడం ఇంకో ఎత్తు అనిపించింది. ఈ రెండోది ఏ మేయరూ జీతం కోసుకుని సాధించలేడు.

సాయంత్రం దీవుల మధ్య తిరిగే చిన్న పడవలో చిబు ఊరుండే చిబురిజిమా దాకా పోయొచ్చాం. మనిషికి 300 యెన్‌లు. ఆరువందల మంది ఉండే ఊరు. ఎర్రటి కొండచరియ, దాని మీద స్వేచ్ఛగా తిరిగే ఆవులు. హైస్కూలు పిల్లలు ఈ పడవ మీదే అమాకు వస్తారు, పోతారు. ఆఖరి పడవ ఎన్నింటికి అన్నదాన్ని బట్టే వాళ్ళు ఏ ఆట ఆడాలో, ట్యూషన్‌లో ఎంతసేపు కూర్చోవాలో తేలుతుంది.

మార్చి 31, తిరుగు ఫెర్రీ

రేవుకు వచ్చేసరికి ఊరంతా అక్కడే ఉన్నట్టుంది. ఏప్రిల్ ఒకటికి టీచర్ల బదిలీలు. వెళ్ళేవాళ్ళు డెక్ మీద నిలబడి రంగురంగుల కాగితపు రిబ్బన్ల ఒక కొస పట్టుకున్నారు, రెండో కొస ఒడ్డున పిల్లల చేతుల్లో. ఫెర్రీ కదులుతుంటే రిబ్బన్లు విప్పుకుంటూ సాగి సాగి తెగిపోయాయి. "వెళ్ళి రండి! వెళ్ళి రండి!" అని గట్టు చివరి దాకా పరుగెత్తారు పిల్లలు. ఏమీ సంబంధం లేని నేనూ ఏడ్చాను.

లోపల హాల్లో మా పక్కన కూర్చున్నాయన వాళ్ళలో ఒకరు, లెక్కల మాస్టారు. చేతికింకా పచ్చ రిబ్బన్ ముక్క చుట్టి ఉంది. జపాన్‌లో మారుమూల బళ్ళకు వెళ్ళే టీచర్లకు 1954 నాటి చట్టం కింద ప్రత్యేక భత్యం ఇస్తారు. ఆయన మాత్రం మొదట అయిష్టంగానే వచ్చానని, ఆఖర్లో ఇంకో ఏడాది ఉంచమని తనే అడిగానని చెప్పారు. దీవిలో నేర్చుకున్నదేమిటని అడిగాను. పిల్లలు ఊరు వదిలి వెళ్ళడాన్ని ఓటమిగా చూడకూడదు అన్నారు. పద్దెనిమిదేళ్ళకు అందరూ వెళ్తారు, వెళ్ళాలి. పదిహేనుకే వెళ్ళగొట్టకుండా ఉంటే, ఆ మూడేళ్ళలో ఊరితో ముడి పడితే, కొందరు వెనక్కి వస్తారు. వచ్చినవాళ్ళ పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారు. పాప కూడా ఆయనతో పాటు వేళ్ళు ముడిచింది.

ఇప్పుడు జపాన్ అంతటా వందకు పైగా హైస్కూళ్ళు ఇలాగే వేరే ప్రాంతాల పిల్లలను చేర్చుకుంటున్నాయి. ఆయన వెళ్ళేది షిమానెలోనే కొండల మధ్య ఉన్న ఒక స్కూలుకి. అక్కడా చేరేవాళ్ళు తగ్గిపోతున్నారు. మొదటి వారంలోనే ఊరివాళ్ళతో సమావేశం ఉందట. అమా చేసినవన్నీ వాళ్ళకు చెబుతారా అని మావారు అడిగారు. "చెప్పను. వాళ్ళకు సముద్రం లేదు, పడవ లేదు. ముందు వాళ్ళ పిల్లలకు ఎలాంటి బడి కావాలో వింటాను" అన్నారు. ఆ తర్వాత షిచిరుయి చేరేదాకా ఇద్దరూ బస్సుల వేళల గురించీ, హాస్టల్ ఖర్చుల గురించీ మాట్లాడుకుంటూనే ఉన్నారు.